పక్షానికి సగం

కోహీర్‌లో డిసెంబరు వచ్చిందంటే మా గల్లీ దర్జీ పొద్దున పది దాటనిదే మిషను తొక్కడు. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ చలి మా ఊళ్లోనే అని పేపర్లో పడ్డ రోజైతే పదకొండు. పోయిన చలికాలం జాకెట్టు ఇద్దామని పోతే, మిషను పక్కన ఉన్న గోలీల పట్టీ చేతికిచ్చి అడిగాడు.

"అక్కా, నువ్వు హైద్రాబాదుల దవాయిల కాడ్నే పని చేసినవంట గదా. ఇది రోజూ ఎందుకు మింగాలె? పదకొండేండ్లాయె. జరం తగ్గితే గోలి బంద్ చేస్తం గదా, దీన్ని ఎందుకు బంద్ చెయ్యద్దంటరు?"

పట్టీ మీద ఇమాటినిబ్ 400 అని ఉంది. నేను పనిచేసింది దవాయిల కాడ కాదు. కానీ ఆ గోలీ పుట్టిన దారిలో, ఎక్కడో ఒక మూల, నేను ముప్పై ఏళ్లు కూర్చున్న మాట నిజం. ఆ దారి చెప్పాలంటే ఒక అమెరికా కోడిపెట్టను, ఒక భీమవరం ఆయనను, పాడైపోయిన ఒక సీసాడు నీళ్లను పిలవాలి. "మల్ల చెప్తలే" అని వచ్చేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ చెప్పని మాటే.

మా నాయిన కోహీర్ డెక్కన్ స్టేషన్లో పాయింట్స్‌మన్. గూడ్సు బండి వస్తే చివరి డబ్బా కొక్కెం విప్పి లూప్ లైనులోకి తోయించడం, పాయింటు మార్చడం, మార్చిన పాయింటుకు తాళం పడిందో లేదో కాలితో తన్ని చూడడం ఆయన పని. నేను తర్వాత చేసిన ఉద్యోగం కూడా దాదాపు అదేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఉస్మానియాలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేరిన కొత్తలో మాకు మొదట నేర్పిన ప్రాక్టికల్స్‌లో భాస్వరం లెక్క ఒకటి. గోధుమరంగు సీసాలో 'ఆన్సా' అనే ద్రావణం ఉంటుంది. నమూనాలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి ఇది పోస్తే నెమ్మదిగా నీలం తేలుతుంది. ఎంత భాస్వరం ఉంటే అంత నీలం. ఆ పద్ధతిని మేం 'ఫిస్క్ అండ్ సబ్బరో' అనేవాళ్లం. ఇద్దరూ తెల్లవాళ్లే అనుకున్నాను. ఆ సబ్బరో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని రెండో ఏడు చివర్లో గానీ తెలియలేదు. పుస్తకం ఆయన పేరును ఇంగ్లీషు వాళ్ల నోటికి తగ్గట్టు అచ్చేసింది, మేమూ వాళ్ల నోటితోనే చదివాం. తెలిసిన రోజు సిగ్గుపడ్డాను. పరీక్షనాళికలో నీలం అప్పటిదాకా కనబడినట్టు లేదు.

ఆయన 1923లో బోస్టన్ చేరి, రాత్రిళ్లు ఆసుపత్రిలో పోర్టరు పని చేసుకుంటూ చదువుకున్నాడు. సైరస్ ఫిస్క్‌తో కలిసి ఈ నీలం పద్ధతిని 1925లో అచ్చువేశాడు. పనిముట్టు చేతికి రాగానే కండరాన్ని దంచి అందులో భాస్వరం ఏ రూపంలో ఉందో వెతికారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ దొరికాయి. ఏటీపీని అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. సుబ్బారావు తర్వాత ఫోలిక్ ఆమ్లం వైపు, దాన్ని అడ్డుకునే మందుల వైపు పోయాడు. ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం తెచ్చాడు. ఆ వ్యాసం 1948లో వచ్చింది. అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు పోయాడు. మన వాళ్లు ఆయనను తలచుకున్నప్పుడల్లా ఈ మందులే చెప్తారు. నా మట్టుకు నాకు ఆ నీలమే పెద్దది. కంటికి కనబడని భాస్వరాన్ని కంటికి చూపించాడు కదా.

ఏటీపీ అంటే గూడ్సు బండి అనుకోండి. ఇంజనుకు వరసగా మూడు భాస్వరం డబ్బాలు తగిలించి ఉంటాయి. చివరి డబ్బా విప్పి ఒక ప్రొటీన్‌కు తగిలిస్తే ఆ ప్రొటీన్ నడత మారుతుంది, నిద్రలో ఉన్నది లేస్తుంది, లేచింది పడుకుంటుంది. డబ్బా తగిలించే పాయింట్స్‌మన్ పేరు కైనేజ్. విప్పేవాడి పేరు ఫాస్ఫటేజ్. తగిలించడాన్ని ఫాస్ఫోరిలేషన్ అంటారు. భాస్వరం ప్రొటీన్లలో ఉంటుందని పాలు విరిగితే వచ్చే ముద్ద చూసి పాతకాలం నుంచే తెలుసు. 1932లో ఫీబస్ లెవీన్, ఫ్రిట్జ్ లిప్‌మన్ కోడిగుడ్డు పచ్చసొనలోని ప్రొటీన్ నుంచి సెరిన్ అనే అమైనో ఆమ్లానికి అంటుకున్న భాస్వరాన్ని విడదీశారు. అది జరిగింది న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో. అంతకు ఇరవై మూడేళ్ల ముందు అదే సంస్థకు ఒక జబ్బు కోడి వచ్చింది.

1909లో ఒక రైతు తన ప్లిమత్ రాక్ జాతి పెట్టను తెచ్చి పేటన్ రౌస్ అనే ముప్పై ఏళ్ల డాక్టరుకు చూపించాడు. పెట్ట రొమ్ము మీద గడ్డ. రౌస్ ఆ గడ్డను నూరి, బ్యాక్టీరియా కూడా దూరని వడపోత గుండా పంపి, ఆ నీటిని వేరే కోళ్లకు ఎక్కించాడు. వాటికీ గడ్డలు లేచాయి. 1911లో ఆ మాట అచ్చయింది. క్యాన్సరు అంటుకునేదా అని నవ్వినవాళ్లే ఎక్కువ. ఇంకొన్నేళ్లు చూసి రౌస్ ఆ పని వదిలేశాడు. నోబెల్ బహుమతి 1966లో ఇచ్చారు, ఆయనకు 87 ఏళ్లప్పుడు. నా సర్వీసులో ప్రమోషన్లు ఆలస్యమయ్యాయని ఏడ్చినప్పుడల్లా ఈ కోడి గుర్తొచ్చేది.

రౌస్ ఎక్కించిన నీటిలో ఉన్నది ఒక వైరస్. ఆ వైరస్‌లో క్యాన్సరు తెచ్చే జన్యువు ఒక్కటే ఉందని తేలింది, దానికి 'సార్క్' అని పేరు పెట్టారు. అది వైరస్ సొంత సొత్తే అనుకున్నారు. 1976లో డొమినిక్ స్టెహెలిన్, హెరాల్డ్ వార్మస్, మైకేల్ బిషప్, పీటర్ వోట్ ఒక వ్యాసం రాశారు. సార్క్ జన్యువు జబ్బు లేని కోడిలోనూ ఉంది, బాతులో ఉంది, పిట్టల్లో ఉంది. అంటే వైరస్సే ఎప్పుడో కోడి దగ్గర దొంగిలించుకుపోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా, రౌస్ నుంచి లెక్కేస్తే అరవై అయిదేళ్లు పట్టింది పట్టడానికి.

దొంగ ఎవరో తెలిసింది, కానీ ఏం చేస్తాడో తెలియదు. కొలరాడోలో రే ఎరిక్సన్ దగ్గర జోన్ బ్రగ్ కుందేలు పిల్లలకు ఈ వైరస్ ఎక్కించి గడ్డలు తెప్పించి, వాటి రక్తంలో పుట్టిన యాంటీబాడీలతో 1977లో సార్క్ ప్రొటీన్‌ను పట్టుకుంది. మరుసటి ఏడు మార్క్ కోలెట్, ఎరిక్సన్ ఆ పట్టుకున్న ముద్దలో రేడియో ధార్మిక భాస్వరం ఉన్న ఏటీపీ పోసి చూశారు. యాంటీబాడీకే భాస్వరం అంటుకుంది. పట్టుకోను పోయిన పోలీసు చొక్కాకే మసి! సార్క్ ఒక కైనేజ్ అని అలా తేలింది. బిషప్ బృందం కూడా అదే ఏడు అదే చూసింది.

అయితే మసి చొక్కాలో ఎక్కడ అంటింది? థ్రియోనిన్ మీద అన్నారు. అప్పటికి లోకం ఎరిగినవి సెరిన్, థ్రియోనిన్ రెండే.

ఇక్కడ సీసాడు నీళ్ల కథ. కాలిఫోర్నియాలో సాల్క్ సంస్థలో టోనీ హంటర్ పాలియోమా అనే ఎలుకల వైరస్ మీద పనిచేస్తున్నాడు. అది చేసే 'టీ యాంటిజెన్'కు భాస్వరం ఏ అమైనో ఆమ్లం మీద అంటుతోందో చూడాలి. ప్రొటీన్‌ను ఆమ్లంలో ఉడికించి ముక్కలు చేసి, పలక మీద చుక్క పెట్టి, పుల్లటి బఫర్‌లో తడిపి కరెంటు పెడతారు. ముక్కలు వేర్వేరు దూరాలు నడుస్తాయి. ఆ బఫర్ పీహెచ్ 1.9 ఉండాలి. హంటర్ కొత్తది కలపడానికి బద్ధకించి పాతదే మళ్లీమళ్లీ వాడాడు. అది దిగి 1.7కు వచ్చింది. సరైన బఫర్‌లో ఫాస్ఫోథ్రియోనిన్, ఫాస్ఫోటైరోసిన్ ఒకే చోట కూర్చుంటాయి. పాడైన బఫర్‌లో విడిపోయాయి. మచ్చ టైరోసిన్ మీద ఉంది! ఈ బద్ధకాన్ని ఆయనే తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. వాల్టర్ ఎకార్ట్, మేరీ ఆన్ హచిన్సన్‌లతో కలిసి 1979లో అచ్చువేశారు. మరుసటి ఏడు బార్ట్ సెఫ్టన్‌తో కలిసి కోడి వైరస్ సార్క్ కూడా టైరోసిన్‌నే పట్టుకుంటుందని చూపించాడు.

ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు కనబడలేదంటే, మామూలు కణంలో ప్రొటీన్లకు అంటిన భాస్వరం పదివేల వంతులైతే టైరోసిన్ మీద మూడో నాలుగో. సార్క్ ఉన్న కణంలో అది ఎనిమిది పది రెట్లవుతుంది, అయినా చిటికెడే. ఆ చిటికెడుతోనే కణం చెప్పిన మాట వినడం మానేస్తుంది.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది. పాలియోమా టీ యాంటిజెన్ నిజానికి కైనేజే కాదు. అది కణంలోని మంచి సార్క్‌ను వాటేసుకుని దాని చేత పని చేయిస్తుంది. దీన్ని 1983లో సారా కోర్ట్‌నిడ్జ్, అలన్ స్మిత్ చూపించారు. భాస్వరం అంటుకున్న ప్రతిచోటా నేరం ఉందనుకోవడమూ పొరపాటే. హార్వే సార్కోమా వైరస్ చేసే రాస్ ప్రొటీన్ తనకు తానే థ్రియోనిన్ మీద భాస్వరం అంటించుకుంటుంది. అదే దాని ఆయుధం అని కొన్నాళ్లు నమ్మారు. కాదు.

కానీ సార్క్ విషయంలో అసలు కిటుకు భాస్వరమే, అదీ తిరగేసిన పద్ధతిలో. కోడి సొంత సార్క్ తోక దగ్గర 527వ స్థానంలో ఒక టైరోసిన్ ఉంది. దానికి వేరే కైనేజ్ వచ్చి భాస్వరం తగిలిస్తే, తోక మడుచుకుని సార్క్ మూసుకుపోతుంది. అంటే అక్కడ భాస్వరం తాళం. వైరస్ జన్యువును ఎత్తుకుపోయేటప్పుడు ఆ తోక ఊడిపోయింది. జొనాథన్ కూపర్, హంటర్ 1986లో ఇది తేల్చారు. 416వ స్థానంలో ఉన్న టైరోసిన్ మాత్రం అలాగే ఉంది, అక్కడ భాస్వరం పడితే సార్క్ ఊపందుకుంటుంది. ఊపు మిగిలింది, తాళం పోయింది. ఆ వ్యాసం మా ల్యాబ్‌కు వచ్చిన రోజు సాయంత్రం బీదర్ బండిలో ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. రిటైరై మంచంలో ఉన్నాడప్పటికి. అంతా విని ఒక్కటే అడిగాడు: "తాళం లేని పాయింటు మీద బండి ఎట్ల ఇడుస్తరు బిడ్డా?"

విడిచారు కనుకనే గడ్డ.

ఇక నా సంగతి. హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. నాకిచ్చింది హాట్ రూమ్. హాట్ అంటే వేడి కాదు, రేడియో ధార్మికం. మేం వాడేది పీ-32. దాని సగం ఆయువు 14.3 రోజులు, అంటే సుమారు ఒక పక్షం. అమావాస్యకు తెచ్చిన సరుకు పున్నమికి సగం, మళ్లీ అమావాస్యకు పావు. నా బల్ల మీద గోడ కేలెండరు ఆ లెక్కకే ఉండేది. పండగ సెలవులు ఎప్పుడొస్తున్నాయో చూసుకునే ఆర్డరు పెట్టేవాళ్లం. ఇంగ్లండు నుంచి వచ్చే సరుకు దారిలో పది రోజులు ఆగితే ఏమీ చెయ్యలేం, డబ్బు కరిగిపోయినట్టే.

అందుకే ఉప్పల్ రోడ్డులో, సీసీఎంబీ పరిశోధన కేంద్రం ఆవరణలో అణుశక్తి శాఖ వాళ్ల 'జొనాకి' కేంద్రం వచ్చాక మాకు ప్రాణం లేచొచ్చింది. ట్రాంబే రియాక్టర్లో గంధకాన్ని న్యూట్రాన్లతో కొట్టి తీసిన పీ-32ను ఇక్కడికి తెచ్చి న్యూక్లియోటైడ్లకు తగిలిస్తారు. మాకు కావలసిన గామా ఏటీపీలో రేడియో ధార్మికం సరిగ్గా చివరి డబ్బాలోనే ఉంటుంది. జొనాకి అంటే బెంగాలీలో మిణుగురు. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ చేతులు జోడించాలి. భీమవరం ఆయన కనిపెట్టిన బండికి హైదరాబాదులో మిణుగురు తగిలించి పంపుతున్నారని నాకు నేను చెప్పుకునేదాన్ని. ల్యాబులో ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

పని ఇలా ఉండేది. పొద్దున మంచు బకెట్టు నింపుకుని, సార్క్ ఉన్న ఎలుక కణాలను ప్లేటు మీంచి గీకాలి. గీకిన మరుక్షణం నుంచి ఫాస్ఫటేజ్‌లు డబ్బాలు విప్పడం మొదలుపెడతాయి, మచ్చ మాయమవుతుంది. అది ఆగాలంటే బఫర్‌లో వనాడేటు ఉండాలి. వనాడేటు కలపడం వంటలాంటిదే. పీహెచ్ 10కి తేగానే పసుపురంగు వస్తుంది, రంగు పోయేదాకా మరిగించాలి, చల్లార్చి మళ్లీ పీహెచ్ చూడాలి, మళ్లీ మరిగించాలి. నీళ్లలా తేటగా నిలిచేదాకా వదలకూడదు. ఈ వనాడేటు టైరోసిన్ మీది భాస్వరాన్ని కాపాడుతుందని 1982లో చెప్పింది ఘనశ్యామ్ స్వరూప్, స్టాన్లీ కోహెన్, డేవిడ్ గార్బర్స్. ఆ స్వరూప్ గారే తర్వాత సీసీఎంబీకి వచ్చి టైరోసిన్ ఫాస్ఫటేజ్‌ల మీద పనిచేశారు, భట్నాగర్ బహుమతి అందుకున్నారు. ప్రపంచంలో ఈ పని చేసే ల్యాబుల ఫ్రిజ్‌లన్నిటిలో ఆ సీసా ఉంటుంది. దాని మీద ఆయన పేరు ఉండదు.

తర్వాత యాంటీబాడీతో ముద్ద పట్టడం, కడగడం, మళ్లీ కడగడం. అప్పుడు సీసపు కుండ మూత తీసి, సెంటీమీటరు మందం అక్రిలిక్ అడ్డం పెట్టుకుని, గామా ఏటీపీ పోసి, 30 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. అక్రిలిక్ ఎందుకు, సీసమే అడ్డం పెట్టొచ్చుగా అని కొత్త పిల్లలు అడిగేవారు. పీ-32 బీటా కణాలు సీసానికి నేరుగా తగిలితే ఎక్స్‌రేలు పుడతాయి, అందుకని ముందు ప్లాస్టిక్, దాని వెనకే సీసం. గీగర్ కౌంటర్ దగ్గరకు తెస్తే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. చప్పుడు విని ఎన్ని కౌంట్లో చెప్పేసే స్థాయికి వచ్చాను. జెల్ నడిపి, ఆరబెట్టి, చీకటి గదిలో ఎక్స్‌రే ఫిల్ముతో కలిపి క్యాసెట్‌లో బిగించి, మైనస్ 70లో పెట్టి ఇంటికి. రాత్రి నిద్ర సరిగ్గా పట్టేది కాదు. తెల్లారి ఎర్రదీపం కింద డెవలపర్‌లో ఫిల్ము ఊపుతుంటే, 60 కిలోడాల్టన్ల దగ్గర సార్క్ నల్లటి గీతగా తేలేది. దాని కింద యాంటీబాడీ గీత, అదే పోలీసు చొక్కా. ఎన్ని వందలసార్లు చూశానో, ప్రతిసారీ గొంతులో ఏదో కదిలేది.

టైరోసిన్ మచ్చ వేరు చేయడానికి ఒక మోటు ఉపాయం కూడా ఉంది. జెల్‌ను ఘాటైన క్షారంలో 55 డిగ్రీల దగ్గర రెండు గంటలు నానబెడితే సెరిన్ భాస్వరం ఊడిపోతుంది, థ్రియోనిన్‌ది కొంత నిలుస్తుంది, టైరోసిన్‌ది గట్టిగా అంటుకునే ఉంటుంది. జెల్ మాత్రం మెత్తబడి చేప చర్మంలా జారిపోతుంది. దాన్ని చింపకుండా ఎత్తడం పుస్తకాల్లో ఉండదు. పాత ఎక్స్‌రే ఫిల్మును కింద నుంచి దోసె అట్లకాడలా దూర్చేదాన్ని.

కడుపుతో ఉన్నప్పుడు హాట్ రూమ్‌లోకి పోలేదు. మిగతా ఏళ్లన్నీ ఒంటికి ఎంత రేడియో ధార్మికం తగిలిందో కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి జాకెట్టుకు, ఉంగరం బ్యాడ్జి వేలికి. ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబు పగిలింది. ఎవరు మూత సరిగ్గా పెట్టలేదో అందరికీ తెలుసు, పెద్దవాళ్ల మనిషి. తుడిచింది నేను, నాలుగు గంటలు. రికార్డులో నా పేరే రాశారు. ఆ గీతలతో వచ్చిన పేపర్లో మాత్రం నా పేరు రాలేదు, 'సాంకేతిక సహాయం' అని ఒక వాక్యం. అప్పట్లో బాధపడ్డాను. ఇప్పటికీ కొంచెం ఉంది, లేదని ఎందుకనాలి.

దర్జీ గోలీ దగ్గరికి వస్తాను. 1970లో హెర్బర్ట్ ఏబెల్సన్, లూయీస్ రాబ్‌స్టీన్ ఎలుకల్లో రక్త క్యాన్సరు తెచ్చే ఒక వైరస్‌ను పట్టారు. దానిదీ దొంగ సొత్తే, 'ఏబుల్' అనే జన్యువు. ఏబుల్ కూడా టైరోసిన్‌నే పట్టుకుంటుందని 1980లో ఓవెన్ విట్, ఆశిమ్ దాస్‌గుప్తా, డేవిడ్ బాల్టిమోర్ చూపించారు. ఆ వైరస్ మొత్తం అక్షరాలు చదివి, ఇది సార్క్ చుట్టమే అని 1983లో రాసిన బృందంలో మొదటి పేరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి. మా ఉస్మానియాలోనే డాక్టరేట్ చేసిన మనిషి, అప్పటికి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో ఉన్నారు. అంతకు ముందు ఏడు, మనుషుల మూత్రాశయ క్యాన్సరులో రాస్ జన్యువు ఒకే ఒక్క అక్షరం తప్పడం వల్ల చెడిందని తేల్చినవాళ్లలోనూ ఆయన ఉన్నారు.

ఎలుక వైరస్‌లో దొరికిన ఏబులే మనిషి రక్తంలోనూ చెడుతుంది. దానికి వైరస్ అక్కర్లేదు. రెండు క్రోమోజోములు తెగి ఒకదాని ముక్క ఒకదానికి అతుక్కుంటాయి, ఏబుల్‌కు వేరే జన్యువు తల తగులుతుంది. ఇక్కడా తాళం పోతుంది. దీర్ఘకాలపు ఒక రకం రక్త క్యాన్సరుకు కారణం అదే. ఇమాటినిబ్ గోలీ ఏబుల్‌లో ఏటీపీ వచ్చి కూర్చునే గుంటలోకి దూరుతుంది. అమెరికాలో 2001 మేలో అనుమతి వచ్చింది. మన దగ్గర అసలు కంపెనీ నోవార్టిస్ మందు నెలకు లక్ష దాటేది. హైదరాబాదు నాట్కో లాంటి వాళ్లు చేసినది అందులో పదో వంతుకు కూడా తక్కువ. పేటెంటు తగాదా సుప్రీంకోర్టుకు పోయి, 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్‌కు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. ఆ తీర్పు అటు పోయి ఉంటే మా గల్లీలో ఈ మిషను చప్పుడు ఎప్పుడో ఆగేది.

మొన్న ఇంకో జాకెట్టు తెచ్చుకోను పోయి చెప్పాను. వైరస్, కోడి, టైరోసిన్ ఏవీ చెప్పలేదు.

"జహీరాబాదు బస్టాండుల కిటికీలకెల్లి దస్తీ ఏసి సీటు ఆపుతం గదా. నీ రక్తంల ఒక సీటున్నది. దాంట్ల ఒకడు కూసున్నడంటే బండి ఆగకుంట ఉరుకుతది. ఈ గోలి దస్తీ."

"దస్తీ ఒక్కపారి ఏస్తే సాలదా?"

"ఒంట్ల ఉండది. తెల్లారేసరికి సగం కంటె ఎక్కువే కరుగుతది. మల్ల ఎయ్యాలె."

కాసేపు ఆలోచించి, దారం పంటితో తెంపాడు.

"నాలుగొద్దులు ఏసుకోకుంటే?"

"డాక్టరు నడుగకుండ ఆ పని చెయ్యకు."

తలూపి, పట్టీలో మిగిలినవి వేలితో లెక్కపెట్టాడు. ఆరున్నాయి. శుక్రవారం దుకాణం కట్టేసి సంగారెడ్డి పోయి తెచ్చుకుంటానన్నాడు, జాకెట్టుకు హుక్కులు కూడా అప్పుడే కుడతానన్నాడు.